వీడియో ఎడిటింగ్: గ్రాఫిక్స్ కార్డుకు ‘సపోర్ట్ లేదు’ అంటోందా? కొత్తది కొనేముందు ఈ 3 తాళాలు చెక్ చేయండి

పెళ్లి అయిపోయి నెల దాటింది. "బాబూ, వీడియో ఎప్పుడిస్తావ్?" అంటూ పెళ్లికూతురి నాన్న రోజు విడిచి రోజు ఫోన్ చేస్తున్నారు. స్టూడియోలో మాత్రం ప్లే నొక్కితే తలంబ్రాల సీన్ ఆగి ఆగి నడుస్తోంది. కలర్ కరెక్షన్ వేస్తే ఆ మాత్రం కూడా కదలడం లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్తే గ్రాఫిక్స్ కార్డు ఆప్షన్ బూడిద రంగులో ఉండిపోయింది. క్లిక్ అవ్వదు. లేదంటే ఈ కార్డుకు సపోర్ట్ లేదంటూ ఒక మెసేజ్.

ఊరూరా ఉన్న ఫొటో, వీడియో స్టూడియోల్లో, ఇంట్లో కూర్చుని యూట్యూబ్ ఛానెల్ నడిపేవాళ్ల దగ్గర ఈ సీన్ కొత్తేమీ కాదు. షాపులో అడిగితే సమాధానం రెడీగా ఉంటుంది. "అన్నా, ఈ కార్డు పాతదైపోయింది, కొత్తది వేసుకో." కానీ మంచి కార్డు అంటే చిన్న స్టూడియోకి ఒక పెళ్లిళ్ల సీజన్ మిగులులో పెద్ద ముక్క. అప్పు చేసి కొన్నాక కూడా వీడియో అలాగే ఆగుతుంటే పరిస్థితి ఏంటి?

అసలు విషయం ఏంటంటే, ‘సపోర్ట్ లేదు’ అన్న ఒక్క మాట వెనుక మూడు వేర్వేరు కారణాలు ఉంటాయి. ఒకటి, కార్డు పేరు సాఫ్ట్‌వేర్ కంపెనీ లిస్టులో లేకపోవడం. రెండు, డ్రైవర్ సరిపోకపోవడం. మూడు, ఆ పని చేసే శక్తి కార్డులోనే లేకపోవడం. వీటిని మూడు తాళాలు అనుకోండి. మొదటి రెండూ చాలాసార్లు రూపాయి ఖర్చు లేకుండా తెరుచుకుంటాయి. మూడోది ఏం చేసినా తెరుచుకోదు. మీ కార్డుకు పడింది ఏ తాళమో తెలిస్తే సగం సమస్య తీరినట్టే.

అసలు గ్రాఫిక్స్ కార్డు ఏం చేస్తుంది?

ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్క ఫ్రేమ్‌కి 1920 అడ్డం, 1080 నిలువు చొప్పున 20,73,600 చుక్కలు ఉంటాయి. సెకనుకు 25 ఫ్రేములు అంటే 5 కోట్ల 18 లక్షల చుక్కలు. 4కే వీడియో అయితే దీనికి నాలుగు రెట్లు, అంటే సెకనుకు 20 కోట్లకు పైనే. కలర్ కొంచెం మార్చాలంటే ప్రతి చుక్కకీ లెక్క చేయాలి.

పెళ్లి వంట గుర్తు తెచ్చుకోండి. ప్రాసెసర్ అంటే వంట మాస్టర్ లాంటిది. ఎంత కష్టమైన వంటకమైనా చేస్తాడు, కానీ ఆయనకు ఉన్నవి రెండు చేతులే. గ్రాఫిక్స్ కార్డు అంటే వరసగా కూర్చుని కూరగాయలు తరిగే వందల మంది. ఒకే రకం పనిని అందరూ ఒకేసారి చేసేస్తారు. కలర్ కరెక్షన్, సైజు మార్చడం, ఒక దృశ్యం మీద ఇంకోటి కలపడం లాంటివన్నీ ఈ తరుగుడు పనులే. అందుకే కార్డు ఆన్ అయితే వేగం ఒక్కసారిగా పెరుగుతుంది.

అయితే ఇంకో పని ఉంది. కెమెరా, మొబైల్ ఇచ్చే వీడియో ఫైలు బాగా కుదించి మూట కట్టి ఉంటుంది. ఆ మూట విప్పడాన్ని డీకోడింగ్ అంటారు. ఇది ఎఫెక్టుల పనికి సంబంధం లేని వేరే పని. దీనికోసం కార్డులో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, మూడో తాళం దగ్గర పనికొస్తుంది.

మొదటి తాళం: లిస్టులో పేరు లేదు

ఈ తాళం గురించి తెలియాలంటే 2010కి వెళ్లాలి. ఆ ఏడాది అడోబ్ కంపెనీ ప్రీమియర్ ప్రో సీఎస్5 విడుదల చేసింది. అందులో మెర్క్యురీ ప్లేబ్యాక్ ఇంజిన్ అనే కొత్త వ్యవస్థ వచ్చింది. ఎన్‌విడియా కార్డుల్లో ఉండే క్యూడా టెక్నాలజీని వాడుకుని, రెండర్ చేయకుండానే ఎఫెక్టులు నేరుగా ప్లే చేసి చూపించింది. ఎడిటర్లకు ఇది నిజంగా పండగే.

కానీ ఇక్కడే ట్విస్ట్. మొదట్లో ఆ సౌకర్యం అతి కొద్ది కార్డులకే ఇచ్చారు. క్వాడ్రో ఎఫ్‌ఎక్స్ 3800, 4800, 5800 లాంటి ఖరీదైన ప్రొఫెషనల్ కార్డులు, వాటితో పాటు మామూలు జనం కొనే కార్డుల్లో జీఫోర్స్ జీటీఎక్స్ 285. దాదాపు అదే కుటుంబానికి చెందిన జీటీఎక్స్ 260, 275 కార్డులు ఉన్నవాళ్లకి మాత్రం ఆప్షన్ బూడిద రంగులోనే కనిపించేది.

కొందరు ఎడిటర్లు ప్రీమియర్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్ తెరిచి చూశారు. అందులో ‘క్యూడా సపోర్టెడ్ కార్డ్స్’ అనే పేరుతో ఒక మామూలు టెక్స్ట్ ఫైలు ఉంది. లోపల అనుమతి ఉన్న కార్డుల పేర్లు, వరసకొకటి. అంతే! సాఫ్ట్‌వేర్ తెరవగానే కంప్యూటర్‌లో ఉన్న కార్డు పేరు ఈ లిస్టులో ఉందా లేదా అని చూస్తుంది. లేకపోతే తాళం.

అదే ఫోల్డర్‌లో ‘జీపీయూ స్నిఫర్’ అనే చిన్న ప్రోగ్రామ్ కూడా ఉంది. దాన్ని కమాండ్ ప్రాంప్ట్‌లో నడిపితే మీ కార్డు పేరు ఏంటో, దాని మెమరీ సరిపోతుందో లేదో చెప్పేది. ఎడిటర్లు చేసింది ఇదీ: ఆ పేరుని అక్షరం పొల్లుపోకుండా చూసుకున్నారు. నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి లిస్టు చివర ఆ పేరు చేర్చి సేవ్ చేశారు. ప్రీమియర్ మళ్లీ తెరిస్తే బూడిద రంగు ఆప్షన్ వెలిగింది. టైమ్‌లైన్‌పై ఉన్న ఎర్ర గీత పసుపు రంగుకి మారింది. ఎర్ర గీత అంటే రెండర్ చేస్తే తప్ప సాఫీగా ప్లే అవ్వదని, పసుపు అంటే రెండర్ లేకుండానే నడిచే అవకాశం ఉందని అర్థం. ఒక్క లైను టైప్ చేసినందుకు ఇంత తేడా.

మరి కంపెనీ మోసం చేసిందా? పూర్తిగా అలా అనలేం. లిస్టులో ఉన్నవి కంపెనీ తాను పరీక్షించిన కార్డులు. పరీక్షించని కార్డుతో ఎక్స్‌పోర్ట్ మధ్యలో ఆగిపోతే, రంగులు తప్పుగా వస్తే కస్టమర్ ఫోన్ చేసేది కంపెనీకే. కాబట్టి ‘సపోర్ట్ లేదు’ అంటే ఇక్కడ ‘పని చేయదు’ అని కాదు, ‘పని చేయకపోతే మాది బాధ్యత కాదు’ అని. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది.

ఇంకో విషయం. పేరు చేర్చినవాళ్లందరికీ పని అయిపోలేదు. 512 ఎంబీ మెమరీ ఉన్న కార్డుల వాళ్లు ఎన్నిసార్లు టైప్ చేసినా ఆప్షన్ వెలగలేదు. ఎందుకంటే కార్డులో కనీసం 765 ఎంబీ మెమరీ ఉండాలని ప్రీమియర్ వేరేగా చూసేది. అంటే అప్పుడు కూడా ఒక తాళం నోట్‌ప్యాడ్‌తో తెరుచుకుంది, ఇంకోటి తెరుచుకోలేదు.

2013లో వచ్చిన ప్రీమియర్ ప్రో సీసీతో ఈ లిస్టు గొడవ చాలావరకు ముగిసింది. కార్డుకు కావాల్సిన మెమరీ, సామర్థ్యం ఉంటే చాలు, లిస్టులో లేకపోయినా ఒక హెచ్చరిక చూపించి ఆన్ చేసుకోనిచ్చారు. కాబట్టి ఇప్పటి వెర్షన్ వాడుతూ పాత వీడియోల్లో చూసి టెక్స్ట్ ఫైలు కోసం వెతకడం టైమ్ వేస్ట్. ఇంకా సీఎస్5, సీఎస్6 మీదే బండి లాగిస్తున్నవాళ్లకి మాత్రమే ఆ చిట్కా.

రెండో తాళం: డ్రైవర్

ఈ రోజుల్లో ఎక్కువమందికి పడుతున్న తాళం ఇదే. డ్రైవర్ అంటే కార్డుకీ విండోస్‌కీ మధ్య మాట కలిపే ప్రోగ్రామ్. కొత్త ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కనీసం ఫలానా వెర్షన్ డ్రైవర్ కావాలని అడుగుతుంది. రెండేళ్లుగా అప్‌డేట్ చేయని కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ ఒక్కటే అప్‌డేట్ అయితే కార్డు ఎంత మంచిదైనా ‘సపోర్ట్ లేదు’ అనే మెసేజ్ వస్తుంది. డావిన్చీ రిజాల్వ్‌లో ‘అన్‌సపోర్టెడ్ జీపీయూ ప్రాసెసింగ్ మోడ్’ అని కనిపిస్తే ముందు అనుమానించాల్సింది డ్రైవర్‌నే.

పరిష్కారం సింపుల్. ఎన్‌విడియా కార్డు అయితే కంపెనీ సొంత సైట్‌కే వెళ్లి మీ మోడల్‌కి సరిపోయే స్టూడియో డ్రైవర్ దించుకోండి. గేమ్ రెడీ డ్రైవర్ గేముల కోసం, స్టూడియో డ్రైవర్ ఎడిటింగ్ లాంటి పనుల కోసం. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కస్టమ్‌లోకి వెళ్లి క్లీన్ ఇన్‌స్టలేషన్ టిక్ పెడితే పాత చెత్త కూడా పోతుంది. ఏఎండీ, ఇంటెల్ వాళ్లకీ ఇదే సూత్రం, ఎవరి సైట్ వాళ్లదే.

సమస్య ఎక్కడంటే, ప్రతి కార్డుకీ డ్రైవర్లు ఎల్లకాలం రావు. 2012 ప్రాంతంలో బాగా అమ్ముడైన జీటీఎక్స్ 660, 680 లాంటి కెప్లర్ తరం కార్డులకు ఎన్‌విడియా 470 సిరీస్‌తో డ్రైవర్లు ఆపేసింది. ఇక మన దగ్గర స్టూడియోల్లో ఇప్పటికీ తిరుగుతున్న జీటీఎక్స్ 750 టీఐ, 960, 1050 టీఐ, 1060 కార్డుల వంతు కూడా వచ్చేసింది. మాక్స్‌వెల్, పాస్కల్ తరాలకు చెందిన ఈ కార్డులకు 580 సిరీసే చివరిది. 2025లో వచ్చిన క్యూడా 13 ఈ రెండు తరాలనూ వదిలేసింది. ఆ తర్వాత సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే వస్తాయి. జీటీఎక్స్ 1650, 1660 మాత్రం ట్యూరింగ్ అనే తర్వాతి తరం కాబట్టి వాటికి ప్రస్తుతానికి ఈ ఇబ్బంది లేదు.

దీనర్థం 1050 టీఐ రేపటి నుంచి ఆగిపోతుందని కాదు. ఈ రోజు నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌తో అలాగే నడుస్తుంది. కొత్త డ్రైవర్ తప్పనిసరి అనే వెర్షన్‌కి సాఫ్ట్‌వేర్‌ని అప్‌డేట్ చేసినప్పుడే తాళం పడుతుంది. కాబట్టి పాత కార్డు ఉన్నవాళ్లు ఆటో అప్‌డేట్ ఆపేసుకోవాలి. చేతిలో పెళ్లి ప్రాజెక్టు ఉండగా అసలు అప్‌డేట్ చేయకూడదు. ఎందుకంటే కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ప్రాజెక్టు పాత వెర్షన్‌లో మామూలుగా తెరుచుకోదు. వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది.

కార్డు పాతదైతేనే ఇలా అవుతుందని కూడా కాదు. 2018లో యాపిల్ మ్యాక్‌ఓఎస్ మొహావే తెచ్చినప్పుడు కొత్త తరం ఎన్‌విడియా కార్డులకు కావాల్సిన వెబ్ డ్రైవర్ రానే రాలేదు. అంతకుముందు హై సియెర్రాలో బ్రహ్మాండంగా పనిచేసిన కార్డులు, ఓఎస్ అప్‌డేట్ చేసిన రోజు నుంచి ఎందుకూ పనికిరాకుండా పోయాయి. కార్డులో లోపం లేదు, మాట కలిపేవాడే లేడు.

మూడో తాళం: కార్డులోనే లేదు

ఇది రెండు రకాలుగా పడుతుంది. మొదటిది మెమరీ. 2 జీబీ కార్డులో 4కే క్లిప్ పెట్టి నాయిస్ తగ్గించే ఎఫెక్ట్ వేస్తే, రిజాల్వ్ ‘జీపీయూ మెమరీ నిండిపోయింది’ అని ఆగిపోతుంది. కంప్యూటర్‌లో ర్యామ్ ఎంత పెంచినా కార్డు మెమరీ పెరగదు. టైమ్‌లైన్ రిజల్యూషన్ 4కే నుంచి 1080కి దించితే కొంత ఊపిరి ఆడుతుంది, అంతే.

రెండోది ముందే చెప్పుకున్న మూట విప్పే భాగం. మీ మొబైల్ హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లో రికార్డు చేస్తుంటే, ఆ మూట విప్పే సర్క్యూట్ కెప్లర్ కార్డుల్లో లేదు. డ్రైవర్ మార్చినా, ఫైలు ఎడిట్ చేసినా లేని సర్క్యూట్ పుట్టుకురాదు. ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

ఖరీదైన కార్డు కొన్నా ఈ దెబ్బ తగలొచ్చు. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు 10 బిట్ 4:2:2 అనే పద్ధతిలో షూట్ చేయగలవు. ఈ మూటను విప్పే భాగం ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ దాకా లేనే లేదు. 2025లో వచ్చిన 50 సిరీస్‌తోనే వచ్చింది. విచిత్రం ఏంటంటే, ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లో ఉండే మామూలు ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ హెచ్‌ఈవీసీ 4:2:2ని సాఫీగా విప్పేస్తుంది. వేలకు వేలు పోసి కొన్న కార్డు చేయలేని పని, పక్కనే ఊరికే పడున్న చిప్ చేస్తుందన్నమాట.

చాలా డెస్క్‌టాప్‌లలో వేరే కార్డు పెట్టగానే ఈ ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఆఫ్ అయిపోతుంది. బయోస్‌లోకి వెళ్లి మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే మాత్రం అందులో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉండదు.

మీది ఏ తాళం? ఇలా చెక్ చేయండి

1. ప్రీమియర్‌లో హెల్ప్ మెనూలోకి వెళ్లి సిస్టమ్ కంపాటిబిలిటీ రిపోర్ట్ తెరవండి. డ్రైవర్ సమస్య ఉంటే అక్కడే చెబుతుంది. అలా చెబితే మీది రెండో తాళం.

2. ప్రాజెక్ట్ సెట్టింగ్స్, జనరల్‌లో రెండరర్ ఏముందో చూడండి. ‘సాఫ్ట్‌వేర్ ఓన్లీ’ అని ఉండి, జీపీయూ యాక్సిలరేషన్ కూడా లిస్టులో కనిపిస్తుంటే సమస్య అసలు లేదు. సెట్టింగ్ మార్చుకుంటే చాలు.

3. రిజాల్వ్‌లో ప్రిఫరెన్సెస్, మెమరీ అండ్ జీపీయూలో ఆటో టిక్ తీసేసి క్యూడా, ఓపెన్‌సీఎల్ రెండూ మార్చి చూడండి. క్యూడాతో మొరాయించిన పాత కార్డు ఓపెన్‌సీఎల్‌తో కొన్నిసార్లు నడుస్తుంది.

4. ల్యాప్‌టాప్ అయితే విండోస్ సెట్టింగ్స్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లో మీ ఎడిటింగ్ యాప్‌కి హై పర్ఫార్మెన్స్ పెట్టండి. అసలు కార్డు ఉండగా ఇన్‌బిల్ట్ చిప్ మీద నడుస్తూ ఉండే ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి.

5. వీడియో ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ తెరవండి. ఎఫెక్ట్ వేసినప్పుడు మాత్రమే ఆగుతుంటే కార్డు లెక్కల పని సమస్య. ఎఫెక్టులేవీ లేని ఒరిజినల్ క్లిప్ కూడా ఆగుతూ, వీడియో డీకోడ్ గ్రాఫ్ సున్నా దగ్గర, ప్రాసెసర్ నూరు శాతం దగ్గర ఉంటే మూట విప్పే సమస్య. ఇది మూడో తాళం.

ఇవి మాత్రం చేయొద్దు

ఎవరో మార్చి పెట్టిన డ్రైవర్లు దించుకోవడం, విండోస్‌లో డ్రైవర్ సంతకం చెక్ చేసే రక్షణ ఆపేయడం, కార్డు బయోస్‌ని వేరే మోడల్ బయోస్‌తో మార్చడం లాంటివి పెద్ద రిస్క్. అవి తేడా కొడితే కార్డు పోవచ్చు, దాంతో పాటు కస్టమర్ల పెళ్లి ఫుటేజ్ ఉన్న హార్డ్ డిస్క్ వైరస్ పాలు కావచ్చు. కార్డు మళ్లీ కొనొచ్చు. తలంబ్రాలు మళ్లీ షూట్ చేయలేం.

సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో అయినా, ఆన్‌లైన్‌లో అయినా సెకండ్ హ్యాండ్ కార్డు కొంటుంటే ఇంకో జాగ్రత్త. పాత చిప్‌కి బయోస్ మార్చి 1050 టీఐ అని అమ్మే నకిలీలు ప్రపంచమంతా తిరిగాయి. ఎంత డ్రైవర్ వేసినా ‘సపోర్ట్ లేదు’ అనే మెసేజ్‌కి ఒక్కోసారి అసలు కారణం ఇదే. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ 2018 నుంచి ఇలాంటి కార్డుల్ని పసిగట్టి పేరు పక్కన ఫేక్ అని చూపిస్తోంది. డబ్బులిచ్చే ముందే కంప్యూటర్‌లో పెట్టించి, ఈ ప్రోగ్రామ్ తెరిపించి చూడండి.

మూడో తాళమే అయితే దారి లేదా?

ఉంది. ప్రాక్సీ. అంటే ఒరిజినల్ క్లిప్పులకు తేలికైన చిన్న కాపీలు తయారుచేసుకుని వాటితో ఎడిట్ చేయడం. ప్రీమియర్‌లో క్లిప్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాక్సీ, క్రియేట్ ప్రాక్సీస్ నొక్కాలి. రిజాల్వ్‌లో జనరేట్ ప్రాక్సీ మీడియా. రాత్రి పడుకునే ముందు పెట్టేస్తే పొద్దున్నకి కాపీలు రెడీ అవుతాయి. ఆ తర్వాత పాత కంప్యూటర్‌లో కూడా టైమ్‌లైన్ సాఫీగా నడుస్తుంది. ఫైనల్ ఎక్స్‌పోర్ట్‌లో ఒరిజినల్ ఫైళ్లే వాడాలి కాబట్టి క్వాలిటీ తగ్గదు. ఆ కాపీల తయారీకి టైమ్ పడుతుంది, వాటికి హార్డ్ డిస్క్‌లో కొంత ఖాళీ కావాలి, అంతే తేడా.

షూటింగ్ దగ్గరే జాగ్రత్త పడటం ఇంకా మంచిది. కస్టమర్ అడిగింది ఫుల్ హెచ్‌డీ వీడియో అయితే ఎనిమిది గంటల పెళ్లి మొత్తం 4కే 10 బిట్‌లో తీయాల్సిన పని లేదు. మొబైల్‌లో అయితే కెమెరా సెట్టింగ్స్‌లో హెచ్‌ఈవీసీ బదులు హెచ్.264 ఎంచుకోండి. ఫైలు సైజు పెరిగినా పాత కార్డు దాన్ని విప్పగలదు.

ఇవన్నీ చేసినా పని నడవకపోతే అప్పుడు కొత్త కార్డు ఆలోచించండి. అప్పుడు కూడా షాపులో ‘మంచి కార్డు ఇవ్వండి’ అని అడక్కండి. మీ కెమెరా ఏ ఫార్మాట్‌లో షూట్ చేస్తుంది, మీ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్, దానికి కనీసం ఎంత కార్డు మెమరీ కావాలి అనే మూడు విషయాలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ మూడింటికీ సరిపోయే కార్డు కొన్నిసార్లు షాపులో ముందు చూపించినదానికన్నా తక్కువ ధరలోనే దొరుకుతుంది.